నాయన చదివిన కాగితం

రాయచోటి చిన్నాయన కువైట్ నుంచి వస్తున్నాడంటే మా ఇంట్లో వారం ముందు నుంచే హడావుడి. మా పిన్నమ్మను ఇచ్చిన ఊరు రాయచోటి. ఆ పక్క ఇంటికొకరైనా కువైట్‌లో ఉంటారు. చిన్నాయన అక్కడ ఒక షేకు ఇంట్లో డ్రైవరు. రెండేళ్ళకోసారి వచ్చేవాడు. వచ్చిన నాలుగో రోజుకో ఐదో రోజుకో ఉరవకొండ దగ్గరి మా ఊరికి, నైలాన్ తాడుతో అడ్డదిడ్డంగా బిగించిన అట్టపెట్టెతో దిగేవాడు. ఆ తాడు కోయడానికి జేజి గడ్డి కొడవలి తెచ్చి ఇచ్చేది. కొడవలి అందించే పని నాకిమ్మని ఏడ్చేవాణ్ణి.

2006 ఎండాకాలం సెలవులు అవి. నేను నాలుగు పాసై ఐదుకొచ్చాను. పెట్టెలోంచి ఎప్పటిలాగే నిడో పాలపొడి డబ్బా, టాంగ్ పొడి, ఖర్జూరం, జేజికి టైగర్ బామ్, అమ్మకు పులి బొమ్మ ఉన్న దొడ్డు రగ్గు బయటికొచ్చాయి. మా అనంతపురం ఎండలకు ఆ రగ్గు ఎందుకో నాకిప్పటికీ తెలీదు. దాన్ని ఎవరూ కప్పుకున్న పాపాన పోలేదు, బీరువా మీద పులి మాత్రం చాలా ఏళ్ళు పడుకునుంది. అన్నీ అయిపోయాక అడుగున బట్టల మడతలోంచి అరచేతంత డబ్బా ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు చిన్నాయన.

డబ్బా మీద పసుపుపచ్చటి పొక్లెయిన్ బొమ్మ.

మా ఇంట్లో ఆ బొమ్మను గుర్తుపట్టనివాళ్ళు లేరు. నాయన పొక్లెయిన్ ఆపరేటరు. డబ్బా ఊపితే లోపల గలగలమంది. తెరిచి చూస్తే బండి లేదు. చిన్న చిన్న ముక్కలు. నాకు ఏడుపు ఆగలేదు. జేజి చాట పక్కన పెట్టి వచ్చి చూసి, "అంత దూరం నుంచి ఇరిగిపోయిన బొమ్మ తెచ్చినావేంది నాయనా, చూసుకోని కొనద్దా?" అంది చిన్నాయనతో. ఆయన పడీపడీ నవ్వి, "ఇరగలేదు అత్తా, బిగించుకునేదే ఆట. ఆడ షేకు పిల్లోళ్ళు రోజంతా ఇదే పని" అన్నాడు. జేజి నమ్మలేదు. డబ్బు పెట్టి కొనుక్కుని మళ్ళీ మనమే పని చెయ్యాలా అని ఆమె బాధ.

ధర కూడా చెప్పాడు. కువైట్‌లో పేటపేటకూ జమియా అని సహకార సంఘం వాళ్ళ పెద్ద దుకాణం ఉంటుంది. షేకు ఇంటి సరుకులకు రోజూ అక్కడికే పోవాలి. అక్కడ బొమ్మల వరసలో అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా చవకది ఇదేనట. దినారు పైన చిల్లర. అప్పట్లో దినారు మన డబ్బుల్లో నూటాయాభై దాకా పలికేది. ఆ లెక్క వినగానే అమ్మ మొహం మారింది. శెనక్కాయ చేలో కలుపుకు పోతే అంత సంపాదించడానికి ఆమెకు నాలుగైదు రోజులు పట్టేది. "చవకదా ఇది?" అని మాత్రం అని, డబ్బా నా చేతిలోంచి తీసుకుని ఉట్టి పక్కన గూట్లో పెట్టింది. మీ నాయన వచ్చినాక తీసుకో, ముక్కలు పారేస్తావు అని.

అప్పటిదాకా నేను బొమ్మ కొనడం చూసింది తిరునాళ్ళలోనే. మిగతావన్నీ చేసుకునేవే. జొన్న దంట్ల బెండుతో ఎద్దుల బండి, అగ్గిపెట్టెలతో లారీ, తెగిపోయిన హవాయి చెప్పుల్ని గుండ్రంగా కోసి చక్రాలు. చెప్పు చక్రం బాగా తిరగాలంటే నడుమ సరిగ్గా పొడవాలి. కాస్త పక్కకు పోతే బండి కుంటుతుంది. ఆ విద్యలో నేను మా వీధిలో మొనగాణ్ణి. అట్లాంటివాడికి బిగించుకోవడం రాదని ఏడ్చానంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

నాయన గురించి చెప్పాలి.

జలయజ్ఞం పనులు జోరుగా నడుస్తున్న కాలం అది. మా సీమలో ఎటు చూసినా కాలువ తవ్వకాలే. శ్రీశైలం జలాశయం వెనక నీళ్ళను కర్నూలు జిల్లా మాల్యాల దగ్గర ఎత్తిపోసి, మెట్లు మెట్లుగా పైకి తోడి, 200 కిలోమీటర్లకు పైగా నడిపించి మా జిల్లాలో జీడిపల్లికి తేవాలి. హంద్రీ-నీవా. ఆ కాలువ మీద నాయన మిషన్ నడిపేవాడు. మిషన్ ఎక్కడుంటే ఆయనక్కడ. పత్తికొండ పక్క కొన్నాళ్ళు, గుంతకల్లు పక్క కొన్నాళ్ళు. రేకుల షెడ్డులో పడక. నెలకో రెండు నెలలకో ఒకసారి ఇంటికొచ్చి, ఒక రోజంతా నిద్రపోయి, మరునాడు గడ్డం గీసుకుని పోయేవాడు. నాకు నాయన అంటే డీజిలు వాసన, చేతుల మీద గ్రీజు మరక, "గట్టిగా అరవద్దు, మీ నాయన పండుకున్నాడు" అనే అమ్మ మాట.

మా పక్క అందరూ దాన్ని పొక్లెయిన్ అనే అంటారు. పొక్లెయిన్ అనేది నిజానికి ఒక ఫ్రెంచి కంపెనీ పేరు. ఎల్ అండ్ టీ వాళ్ళు ఆ కంపెనీతో కలిసి మన దేశంలో మిషన్లు చేశారు, పేరు మిషన్‌కే అంటుకుపోయింది. ముందు తొట్టి, వెనక కొక్కెం ఉండే పచ్చబండి ఏ కంపెనీదైనా జేసీబీ అయిపోయినట్టే ఇదీ. జేసీబీ అనేది ఇంగ్లండులో 1945లో కంపెనీ పెట్టిన జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ పేరులోని పొడి అక్షరాలు. ఆయన పేరు మా ఊళ్ళో ఎవరికీ తెలీదు కానీ ఆ మూడు అక్షరాలు తెలియని పసిపిల్లాడు లేడు. నాయన నడిపేది మాత్రం టాటా హిటాచీ, ఇరవై టన్నుల బండి. రంగు పచ్చ కాదు, కాషాయానికి ఎరుపు కలిపినట్టు ఉండేది. ఈ రంగు సంగతి మళ్ళీ వస్తుంది.

చిన్నాయన వెళ్ళిపోయిన మూడో రోజు రాత్రి నాయన వచ్చాడు. మిషన్‌కు హోస్ పైపు పగిలి ఆయిలంతా పోయిందట. కొత్తది వచ్చేదాకా రెండు రోజులు పని లేదు. అదే మా అదృష్టం. పగలంతా నిద్రపోయి, పొద్దుగూకి లేచి, కరెంటు లేకపోతే వాకిట్లో నులక మంచం మీద కూర్చున్నాడు. నేను డబ్బా తెచ్చి మంచం మీద కుమ్మరించాను. నులక సందుల్లోంచి సగం ముక్కలు కింద పడ్డాయి. అమ్మ తిట్టుకుంటూ లాంతరు పట్టుకుని, బియ్యంలో రాళ్ళేరినట్టు మట్టిలోంచి ముక్కలు ఏరి, శెనక్కాయలు చెరిగే చాటలో పోసింది. అప్పటినుంచి ఆ చాటే మా వర్క్‌షాపు.

ముక్కలు నలభై కూడా ఉండవు. పచ్చవి ఎక్కువ, నల్లవి కొన్ని, బూడిద రంగువి కొన్ని. నాలుగు రబ్బరు చక్రాలు. గోరంత అద్దం లాంటిది ఒకటి. హెల్మెట్ పెట్టుకుని నవ్వే పచ్చ మొహం మనిషి ఒకడు, వాడు కూడా మూడు ముక్కలుగా వచ్చాడు. ఇంకా మడతలు మడతలుగా ఒక కాగితం.

నాయన కాగితం చేతిలోకి తీసుకోగానే నాకు టెన్షన్. కారణం ఉంది. నాయన మూడో తరగతితో బడి మానేశాడు. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, ఇంగ్లీషు అసలు రాదు. సైట్లో రోజూ గంటల లెక్క రాసే షీటు ఇంగ్లీషులో ఉండేది. మీటరులో అంకె చూసి హెల్పర్ కుర్రాడు రాస్తే నాయన సంతకం పెట్టేవాడు. ఒక నెల నలభై గంటలు తక్కువ రాసిన షీటు మీద కూడా అట్లాగే సంతకం పెట్టి, జీతం దగ్గర తెలుసుకుని, ఆ కాంట్రాక్టరు దగ్గర మాట పడి వచ్చాడు. ఆ రాత్రి అమ్మతో చెబుతుంటే నిద్ర నటిస్తూ నేను విన్నాను. అందుకే నాయన చేతిలో కాగితం చూస్తే ఏదో తప్పు జరగబోతోందనిపించేది. ఇది కువైట్ కాగితం, అరబ్బీలో ఉంటుందనుకున్నాను.

నాయన లాంతరు దగ్గరికి లాక్కుని కాగితం విప్పాడు. తిప్పాడు. ఇంకో పక్క చూశాడు.

"దీంట్లో రాత లేదురా" అన్నాడు.

నిజమే. ఒక్క అక్షరం లేదు. వరసగా బొమ్మలు, మూల 1, 2, 3 అని అంకెలు. అంతే. ఆ కాగితం పద్ధతి నాయన రెండు నిమిషాల్లో పట్టేశాడు. "ఒకటో బొమ్మలో ఇది ఉండాదా. రెండో దాంట్లో ఏం ఎక్కువైందో చూడు. ఆ ఎక్కువైందే మన పని." అంతే సూత్రం. నేను ఇప్పుడు పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. బొమ్మలు పెట్టి పని నేర్పించే షీట్ల గురించి ఎన్నో ట్రైనింగులు విన్నాను, ఇంతకన్నా సూటిగా ఎవరూ చెప్పలేదు.

పచ్చ పలక మీద నల్ల ముక్క పెట్టాలి. నేను పెట్టాను. ఇంకో మూడు మెట్లు పోయాక చక్రాల ఇరుసు కుదరలేదు. నేను గట్టిగా నొక్కబోతే నాయన చెయ్యి పట్టుకున్నాడు. "కుదరనప్పుడు బలం పెట్టగూడదు. యాడో వెనక తప్పు చేసింటాం." కాగితం మళ్ళీ మొదటికి తిప్పి, చిటికెన వేలి గోరు బొమ్మ మీద ఆనించి బొడిపెలు లెక్కపెట్టాడు. "ఒకటి, రెండు, మూడు. ఇట్ల నుంచి మూడో బొడిపె మీద పెట్టినాడు వాడు. నువ్వు రెండో దాని మీద పెట్టినావు." వాడు అంటే ఎవరో. ఆ కాగితం గీసినవాడు అనుకుంటా. ఆ రాత్రంతా నాయన వాడు వాడు అనే మాట్లాడాడు, పక్క సైట్లో పనిచేసే మనిషి గురించి చెబుతున్నట్టు.

తప్పుగా పెట్టిన ముక్క ఊడదీయడమే కష్టం. నా గోళ్ళతో కాలేదు. నాయన గోళ్ళు గ్రీజుకు మొద్దుబారి ఉన్నాయి, ఆయనతోనూ కాలేదు. చివరికి అమ్మ పళ్ళతో లాగింది. అవతల చిన్న పంటి గాటు పడింది. అది ఇప్పటికీ ఉంది.

నీకెట్ల తెలిసింది నాయనా అని అడిగితే ఒక సంగతి చెప్పాడు. నాయన మొదట మిషన్ దగ్గర హెల్పరు. గ్రీజు కొట్టడం, డీజిలు పోయడం, చైను శుభ్రం చెయ్యడం. ఆపరేటరు ఒక పంజాబీ సర్దారు. ఆయనకు తెలుగు రాదు, నాయనకు హిందీ రాదు. రెండేళ్ళు ఇద్దరూ మాటల్లేకుండానే పని చేశారు. మధ్యాహ్నం భోజనాల వేళ సర్దారు నాయనను సీట్లో కూర్చోబెట్టి, తన చేతులు నాయన చేతుల మీద పెట్టి లివర్లు కదిపేవాడు. తప్పు చేస్తే వేలి మీద ఒకటేసేవాడు. బాగా చేస్తే ఒక రొట్టె. "ఈ కాగితం మా సర్దారు మాదిరే ఉంది. నోరెత్తడు, చూపిస్తాడు."

బండి పూర్తయ్యేసరికి కరెంటు వచ్చింది. అరచేతిలో పట్టేంత పొక్లెయిన్. పైభాగం చుట్టూ తిరుగుతుంది, చెయ్యి పైకీ కిందికీ లేస్తుంది. నేను ఎగిరి గంతేశాను. నాయన మాత్రం దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని, ఎద్దును కొనేముందు పళ్ళు చూసినట్టు చూశాడు.

"చైను యాడ? దీనికి చక్రాలు పెట్టినాడే."

"చిన్నది కదా నాయనా."

"సరే. బకెట్టు ముడుచుకోదే? సిలిండర్లు ఏవి? బూముకు రెండు, ఆర్ముకు ఒకటి, బకెట్టుకు ఒకటి, నాలుగుండల్ల. ఇదొట్టి చెయ్యి." బూము అంటే మిషన్‌కు ఆనుకుని ఉండే పెద్ద చెయ్యి, ఆర్ము అంటే దాని కొసకు ఉండే రెండో చెయ్యి, బకెట్టు మన్ను తోడే తొట్టి. కాసేపాగి, "రంగు గూడ తప్పు" అన్నాడు.

అప్పుడు అడిగాను, బకెట్టు ఎట్లా ముడుచుకుంటుంది అని. అంతవరకూ నాయన పని ఏంటో నేనెప్పుడూ అడగలేదు. పొక్లెయిన్ నడుపుతాడు అంటే అదేదో స్టీరింగు తిప్పుతాడనుకున్నాను. నాయన మంచం మీద నిటారుగా కూర్చుని రెండు మోకాళ్ళ పక్కన రెండు పిడికిళ్ళు గాల్లో పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. ఎడమ చెయ్యి పక్కకు పోతే మిషన్ మొత్తం ఆ పక్కకు తిరుగుతుంది. అదే చెయ్యి ముందుకు తోస్తే ఆర్ము చాచుకుంటుంది, వెనక్కి లాగితే దగ్గరికొస్తుంది. కుడి చెయ్యి వెనక్కి లాగితే బూము లేస్తుంది, ముందుకు తోస్తే దిగుతుంది. లోపలికి వంచితే బకెట్టు ముడుచుకుంటుంది, బయటికి వంచితే మన్ను జారుతుంది. చెప్పడం అయిపోయింది కానీ చేతులు ఆగలేదు. రెండూ ఒకేసారి, ఒకదానికొకటి అడ్డం రాకుండా, మెల్లగా కదులుతున్నాయి. బకెట్టు నిండింది, బూము లేచింది, తిరిగింది, టిప్పరులో పోసింది, మళ్ళీ వెనక్కొచ్చింది. టిప్పరు నిండడానికి ఆరేడు బకెట్లు. నేను లెక్కపెట్టాను. ఆరు పోసి, ఏడోది సగమే పోసి ఆపి కళ్ళు తెరిచాడు. ఎందుకు సగమే అని అడిగితే, "నిండా పోస్తే ఘాటు రోడ్డులో రాళ్ళు జారి వెనకొచ్చే బండి మీద పడతాయి" అన్నాడు.

అమ్మ గడపలో నిలబడి ఇదంతా చూస్తోంది. పెళ్ళైన పన్నెండేళ్ళలో ఆమె కూడా ఆయన పని చూడడం అదే మొదటిసారి అని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

మరునాడు పొద్దున లేచి చూసేసరికి నాయన బండిని మళ్ళీ విప్పి పెట్టుకుని ఉన్నాడు. నా పాత బాల్‌పెన్ను రీఫిల్ మూడు ముక్కలు కోసి, లోపల అగరబత్తి పుల్లలు దూర్చి, సైకిల్ ట్యూబు సన్నగా కోసిన రబ్బరుతో బూముకు కట్టాడు. బూము లేపితే పుల్ల రీఫిల్లోంచి బయటికొస్తుంది, దించితే లోపలికి పోతుంది. బూముకు రెండు, ఆర్ముకు ఒకటి. బకెట్టు సిలిండరు ఎంత చేసినా కుదరలేదు. దానికే మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. భోజనానికి మూడుసార్లు పిలిచింది అమ్మ. రంగు విషయంలో కూడా ఊరుకోలేదు, కుంకుమ నూనెలో కలిపి పూద్దామన్నాడు. నేను ఏడిస్తే మానుకున్నాడు.

ఆ సాయంత్రమే హోస్ వచ్చిందని కబురొచ్చింది. టిప్పరెక్కి వెళ్ళిపోయాడు.

నాయన వెళ్ళిన మరునాడు చూస్తే బండిలో మనిషి లేడు. హెల్మెట్‌తో సహా మాయం. ఇల్లంతా వెతికాను. జేజి చిమ్మి పారేసిందని ఆమెతో తగువు. పక్కింటి మామ కొడుకు మీద అనుమానం, వాడి జేబులు తిప్పించాను. వాడూ నేనూ ఏడాది మాట్లాడుకోలేదు. నిజం చెప్పాలంటే ఏడాదిన్నర.

ఆ మనిషి దొరికింది మరుసటి దసరా సెలవుల్లో. అమ్మ చేసిన బొరుగులుండలు ఇచ్చి రమ్మని నన్ను సైటుకు పంపింది. గుంతకల్లు దాటాక ఎక్కడో దిగి, మన్ను గుట్టల వెంబడి నడిచి పోయాను. తవ్విన కాలువ అడుగున నాయన మిషన్ పైనుంచి బొమ్మలాగే కనిపించింది. నాకు అది చాలా వింతగా తోచింది, ఇంట్లో చేతిలో పట్టుకున్న సైజులోనే ఉంది. బ్లాస్టింగ్ చేసిన బండరాళ్ళను ఒక్కొక్కటే పట్టి లేపుతున్నాడు. దగ్గరికి పోయేకొద్దీ పెద్దదైపోయి, చివరికి చైను నా నడుము దాకా వచ్చింది. కేబిన్లోకి లాగి తొడ మీద కూర్చోబెట్టుకున్నాడు. లోపల దుమ్ము, వేడి, చెవులు పగిలే మోత. మీటరు పక్కన చూస్తే వాడు. పచ్చ మొహం మనిషి. కాళ్ళ కింద గ్రీజు ముద్ద పెట్టి నిలబెట్టాడు నాయన. దుమ్ముకు హెల్మెట్ రంగు తెలియడం లేదు, నవ్వు సగం చెరిగిపోయింది.

"నాయనా, వాడు నావాడు!"

"ఈడే ఉండనీరా. వానికి పని నేర్పిస్తా ఉండా."

అడగడానికి ఇంకేం లేదు నాకు. కాసేపయ్యాక, "మాకెవురికీ హెల్మెట్ ఇయ్యలేదు. వానికొక్కనికే ఉండాది" అని నవ్వాడు. మోతలో ఆ మాట సగమే వినబడింది.

తర్వాతి ఏడు ఆ మిషన్‌ను ఓనరు ఎవరికో అమ్మేశాడు. లారీ మీద ఎక్కించి ఒడిశా పక్క తీసుకుపోయారట. మనిషి దాంట్లోనే పోయాడు. తీసి జేబులో వేసుకుందామనుకుని మరిచిపోయానని నాయన నాలుగైదు సార్లు అన్నాడు. పక్కింటి వాడికి నేను సారీ చెప్పింది మాత్రం వాడి పెళ్ళిలో.

ఆ డబ్బా మూల ఎర్ర చదరంలో తెల్ల అక్షరాలతో ఉన్న పేరు లెగో అని నాకు పాలిటెక్నిక్‌లో చేరాక తెలిసింది. మెకానికల్ మొదటి సంవత్సరం. వెర్నియర్ కాలిపర్స్ చేతికిచ్చి ఏదో ఒక వస్తువు కొలిచి రమ్మంటే నేను పచ్చ ముక్కలు తీసుకుపోయాను. బొడిపె నడుమ నుంచి పక్క బొడిపె నడుమకు 8 మిల్లీమీటర్లు. ఇటుక లాంటి దొడ్డు ముక్క ఎత్తు 9.6. పలక ఎత్తు 3.2. మూడు పలకలు పేరిస్తే సరిగ్గా ఒక ఇటుక. ఎన్ని ముక్కలు మార్చి కొలిచినా అదే లెక్క. రాత్రి లాంతరు వెలుగులో కుదరనప్పుడు వెనక తప్పుంటుందని నాయన అంత ధీమాగా ఎందుకన్నాడో అప్పుడర్థమైంది. ఆ ముక్కలది తప్పు కాదు, చేసేవాడిదే అయ్యుండాలి.

ఆ తర్వాత దొరికిందల్లా చదివాను. డెన్మార్క్‌లో బిల్లుండ్ అనే చిన్న ఊరు. ఓలే కిర్క్ క్రిస్టియాన్సెన్ అనే వడ్రంగి 1932లో చెక్క బొమ్మలు చెయ్యడం మొదలుపెట్టాడు. వాళ్ళ భాషలో లెగ్ గాట్ అంటే బాగా ఆడుకో అని, దాంట్లోంచే ఆ పేరు. 1942లో వర్క్‌షాపు తగలబడిపోతే మళ్ళీ కట్టుకున్నాడు. ప్లాస్టిక్ ఇటుకలు వచ్చాక కూడా మొదట అవి గట్టిగా పట్టుకునేవి కావు. కింద బోలుగా ఉండేది కదా, పేర్చింది పేర్చినట్టు ఊడిపోయేది. లోపల గొట్టాలు పెట్టాక బొడిపె ఆ గొట్టానికీ గోడకూ నడుమ ఇరుక్కుని బిగుసుకుంది. ఆ పేటెంటుకు దరఖాస్తు పెట్టింది 1958 జనవరి 28న. అప్పటి ఇటుక ఇప్పటి ఇటుకకు తగులుకుంటుంది. రెండు వరసల్లో ఎనిమిది బొడిపెలున్న ఇటుకలు ఆరుంటే 91,51,03,765 రకాలుగా పేర్చవచ్చట. ఇది నాయనకు చెబితే, "అన్ని రకాలు ఎవుడు పేర్చి చూసినాడు?" అన్నాడు. నిజమే మరి.

2012లో జీడిపల్లికి నీళ్ళొచ్చాయి. ఊరు ఊరంతా ట్రాక్టర్లలో పోయి చూసింది. కృష్ణ నీళ్ళు మా గడ్డ మీద. ఆడవాళ్ళు పసుపు కుంకుమ వేశారు. నాయన గట్టు మీద నిలబడి నీళ్ళ వంక కాకుండా గోడ వాలు వంక చూస్తున్నాడు. ఆయన తవ్విన ముక్క ఇది కాదు, ఎంతో వెనక ఎక్కడో ఉంది. అయినా వాలు ఎట్లా తీశారో చూసుకుంటున్నాడు. మిషన్‌కు సిలిండర్లు నాలుగున్నా మనిషికి నడుము ఒకటే అని ఆయనే అనేవాడు. ఆ నడుము అప్పటికే పోయింది. రాళ్ళ మీద అన్నేళ్ళ కుదుపు. ఇంకో రెండేళ్ళకు మిషన్ దిగేశాడు.

ఇప్పుడు నాకో కూతురు, ఆరేళ్ళు. పోయిన నెల అనంతపురంలో బొమ్మల అంగడికి పోయాం. డెన్మార్క్ డబ్బాలు అద్దాల అరలో ఉన్నాయి. ధర చూసి మా అమ్మ మొహమే నాకూ వచ్చింది. బయటి దేశపు బొమ్మల మీద సుంకం 2020లో 20 నుంచి 60 శాతమైంది, 2023లో 70 అయింది, ఇంకెట్లా ఉంటుంది. పక్క అరలో మన దేశంలో చేసినవి, ఐఎస్ఐ గుర్తుతో. 2021 నుంచి ఆ గుర్తు లేనిదే బొమ్మ అమ్మకూడదు. వాటిలో 250 రూపాయల పొక్లెయిన్ ఒకటి దొరికింది. ఇది కూడా ఆ అరలో అన్నిటికన్నా చవకదే. రంగు చూసి కొన్నాను, అచ్చం కాషాయానికి ఎరుపు కలిపినట్టుంది.

ఆదివారం ఊరికి పోయి నాయన ముందు కుమ్మరించాం. నులక మంచం ఇప్పుడు లేదు, ప్లాస్టిక్ నవారు. చాట మాత్రం అమ్మ తెచ్చింది. రంగు చూడగానే నాయన, "ఇదీ మిషన్ అంటే" అన్నాడు. ముక్కలు కొన్ని వదులుగా ఉన్నాయి, కొన్ని ఎంత నొక్కినా దిగవు. బకెట్టు ముడుచుకుంటుంది కానీ లేపగానే తలవాల్చేస్తుంది. నాయన వేలితో రెండుసార్లు ఊపి చూసి, "కొత్తబండికే బుష్షులు పోయినాయే" అన్నాడు. తర్వాత సైకిల్ ట్యూబు కోసం లేచాడు. ఈ కాలంలో సైకిల్ ట్యూబు ఎక్కడిది, అమ్మ జడ రబ్బరు ఇచ్చింది.

ట్యూబు వెతకబోయి ఆయన తన ఇనప పెట్టె తెరిచాడు. లైసెన్సు, పాత ఫోటో, సర్దారు ఇచ్చిన స్టీలు కడియం, వాటి కింద మడతలు మడతలుగా ఆ కాగితం. నేనది ఎప్పుడో పోయిందనుకున్నాను. మడతల దగ్గర చిరిగిపోతే వెనక అన్నం మెతుకులతో పేపరు ముక్కలు అంటించి ఉన్నాయి. పాత బండి ముక్కలు కూడా ఉన్నాయి, టాంగ్ డబ్బాలో. నా కూతురు కొత్తది వదిలేసి దాని మీద పడింది. దానికి ఇంగ్లీషు, తెలుగు రెండూ వచ్చు, కాగితం తిప్పి తిప్పి చూసి, "తాతా, ఇందులో ఏం రాయలేదు" అంది.

"రాయలేదు. రా, కూచో. ఒకటో బొమ్మలో ఏముండాది?"

వాళ్ళిద్దరూ ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే నేను పక్కన కూర్చుని అమ్మ పంటి గాటున్న ముక్క కోసం చాటలో వెతికాను. దొరికింది. రీఫిల్ సిలిండర్లు మాత్రం ఎండకు పగిలిపోయాయి. చివరి బొమ్మ దగ్గరికొచ్చేసరికి పాప చాటంతా కెలికి, కాగితం మీద వేలు పెట్టింది. పచ్చ మొహం, హెల్మెట్, నవ్వు.

"తాతా, డ్రైవర్ లేడు."

"డ్రైవర్ కాదు, ఆపరేటరు" అన్నాడు నాయన జడ రబ్బరు ముడి వేస్తూ. "డ్యూటీలో ఉండాడు."